గాలివాన వెలసిన మంచు అడవిలో నడక

గాలివాన అనగానే మనకు సముద్రతీరమే జ్ఞప్తికి వచ్చును. ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతమున పుట్టి, కొబ్బరి తోటలను తాటితోపులను నేలగూల్చి పోవు తుపానులు తెలుగువారికి తరతరములుగా పరిచితములు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడినప్పుడు, కొండలపైని పచ్చదనము ఒక్క పగటిలో మోడువారుట చూచినవారు ఆ దృశ్యమును మరువజాలరు. అయితే ప్రచండమైన గాలి శీతదేశములను కూడ విడువదు. అచ్చట అది తరచుగా వచ్చుకాలము నడి శీతకాలము. అది కూల్చునది సూదుల వంటి ఆకులు గల మహావృక్షముల అడవులను. అది పోయిన కొలది దినములకు దాని గాయములను కప్పివేయునది తెల్లని మంచు. ఆ మంచు మాటున దాగియుండు అపాయములను గూర్చియు, వానిని ఎఱిగి క్షేమముగా నడచి వచ్చుటను గూర్చియు ఈ ప్రసంగమున ముచ్చటింతము.

ఇది మనకు కేవలము దూరదేశపు కథ కాదు. నేడు మన యిండ్ల బిడ్డలు అనేకులు చదువులకును, ఉద్యోగములకును స్వీడన్, ఫిన్లండ్, జర్మనీ, కెనడా వంటి చలిదేశములలో నివసించుచున్నారు. వారిని చూడబోవు తలిదండ్రులును కలరు. ఊరి చివరనే అడవి, అడవిలో చక్కని బాట, బాటపై మంచు, మంచుపై ఎండ. అటువంటి చోట నాలుగడుగులు నడచి రావలెనను కోరిక కలుగుట సహజము. అది ఆరోగ్యమునకు మంచిదియే. స్వీడన్ దేశమున ఇతరుల అడవిలోనైనను, నష్టము కలిగింపకుండ నడచుటకు ఎల్లరకును హక్కు కలదు. చిరకాలపు ఆచారముగా వచ్చిన ఈ హక్కు 1994 నుండి ఆ దేశపు రాజ్యాంగమునందును పేర్కొనబడినది. కాని నడచుటకు హక్కు ఉన్నచోటనెల్ల క్షేమము కూడ ఉండునని తలపరాదు. అడవి అందరిని రానిచ్చును. అజాగ్రత్తను మాత్రము క్షమింపదు.

ఈ విషయము బోధపడుటకు 2005వ సంవత్సరపు ఉదాహరణము ఒక్కటి చాలును. ఆ యేడు జనవరి 8, 9 తేదీలలో దక్షిణ స్వీడన్‌పై ఒక పెనుగాలి వీచినది. దానికి నార్వే వాతావరణశాఖవారు గుడ్రున్ అని పేరిడిరి. జర్మనీలో దానినే ఎర్విన్ అనిరి. హానో అను చిన్న దీవియందు గాలి విసురు సెకనుకు 42 మీటర్లు, అనగా గంటకు సుమారు 150 కిలోమీటర్లుగా నమోదైనది. స్మోలాండ్ అను ప్రాంతమునను, దాని పరిసరములందును ఒక్క రాత్రిలో కూలిన కలప పరిమాణము సుమారు 7 కోట్ల 50 లక్షల ఘనపు మీటర్లని అంచనా వేసిరి. ఒక లారీకి 40 ఘనపు మీటర్ల వంతున ఎత్తినను, దానిని తరలించుటకు 18 లక్షల 75 వేల లారీలు కావలెను. ఇంచుమించు దేశమంతట ఒక యేడాదిలో నరుకు కలప అంతయు ఒక్క రాత్రిలో నేలగూలినదన్నమాట. దానిని దాచుటకు చోటు చాలక బీహోల్మా అను చోట పాత సైనిక విమానాశ్రయమునందు దుంగలను పేర్చి, అవి ఎండి పురుగు పట్టకుండ నీరు చల్లుచు కాపాడిరి. ఆ ఒక్క మేటియందే సుమారు 10 లక్షల ఘనపు మీటర్ల కలప చేరినది.

ఇంత అడవి ఏల కూలినది? గాలి బలము ఒక్కటియే కారణము కాదు. కూలినవానిలో అధికభాగము స్ప్రూస్ అను వృక్షములు. ఇది నిటారుగా, గోపురము వలె ఎదుగు చెట్టు. దాని వేళ్లు లోతునకు దిగక, పళ్లెము వలె పైపైననే విస్తరించును. శీతకాలమందును దాని ఆకు రాలదు గనుక గాలికి అది తెరచాప వలె అడ్డు నిలుచును. భూర్జవృక్షమన్ననో ఆ కాలమునకు ఆకు రాల్చి యుండుటచే గాలిని తనగుండ పోనిచ్చును. ఇంకొక కారణము నేలయొక్క స్థితి. చలి ముదిరి నేల గడ్డకట్టినప్పుడు అది రాయివలె వేళ్లను పట్టియుంచును. 2005 జనవరిలో వాతావరణము వెచ్చగా ఉండి, నేల గడ్డకట్టక, తడిసి మెత్తబడియుండెను. పళ్లెమువంటి వేళ్లు మట్టితో సహా పెల్లగిలి లేచినవి. లోకమునందు ఉష్ణము పెరుగుచున్న ఈ దినములలో నేల గడ్డకట్టియుండు కాలము తగ్గుచున్నది. కావున ఇట్టి కూలుడు ఎన్నడో ఒకసారి జరుగు వింతగా భావించి మరచుటకు వీలులేదు.

ఇక శ్రోతలు ముఖ్యముగా గమనింపవలసిన విషయమొకటి. గుడ్రున్ వీచిన సమయమున స్వీడన్‌లో ఏడుగురు మరణించిరి. తదుపరి వారములలో, నెలలలో, కూలిన చెట్లను తొలగించు పనులయందు మరణించినవారి సంఖ్య అంతకు మించినది. అనగా గాలి వీచిన రాత్రికంటె, ఆకాశము నిర్మలమై ఎండ కాయుచున్న తరువాతి దినములే ఎక్కువమందిని బలిగొన్నవి. ప్రమాదము తీరినదని మనస్సు చెప్పు సమయముననే ప్రమాదము పొంచియుండును. కత్తి, రంపము పట్టుటలో ఆరితేరినవారికే అట్లయినప్పుడు, కేవలము విహారమునకు పోవువాడు ఎంత జాగరూకుడై యుండవలెనో చెప్పనక్కరలేదు.

కూలిన చెట్టు చచ్చిపడియున్న దుంగ కాదు; అది ఎక్కుపెట్టిన విల్లు. రెండు చెట్ల నడుమ వంగి ఇరుక్కొన్న మ్రానుయందు ఒక ప్రక్క నారలు సాగదీయబడియు, రెండవ ప్రక్క నారలు నొక్కబడియు ఉండును. దానిపై మనుష్యుని బరువు పడినను, ఆధారముగా నున్న కొమ్మ విరిగినను, లేదా మంచు కరగి బరువు తగ్గినను, అది ఒక్కసారిగా బిగువు వదలి కొట్టును. పెల్లగిలి నిలువుగా లేచిన వేళ్లపళ్లెము ఇంకను ప్రమాదకరము. మ్రాను బరువు తగ్గినచో అది తలుపు మూసినట్లు వెనుకకు పడి పూర్వస్థానమున కూర్చుండును. దాని అడుగున ఏర్పడిన గుంట పిల్లలకు గుహవలె కనబడి ఆకర్షించును. అందులోనికి ఎన్నడును దిగరాదు, దిగనీయరాదు. ఆ గుంటలో నీరు చేరి పలుచని మంచుగడ్డ కట్టి, దానిపై మెత్తని మంచు కురిసి, నేలవలె భ్రమ గొలుపుటయు కలదు. మూడవ అపాయము తలపైననే యుండును. సగము కూలి పొరుగుచెట్టుపై ఆనుకొనిన మ్రానులు, విరిగి పైకొమ్మలలో చిక్కుకొనిన కొమ్మలు దినముల తరబడి వ్రేలాడి, చప్పుడు చేయకుండ జారిపడును. కావున అట్టి అడవిలో నడచువాడు పాదముల ముందు ఎంత చూచునో, తల పైకెత్తి అంత చూడవలెను.

మంచు కురిసిన పిమ్మట ఈ అపాయములు మాసిపోవు, మఱుగుపడును. అంతియే గాక మంచే ఒక బరువు. తడిమంచు పొడిమంచుకంటె అనేక రెట్లు బరువైనది. గాలికి వేళ్లు కదలిన చెట్టు, నిలిచియున్నట్లు కనబడుచునే, ఆ బరువునకు ఓర్వలేక మెల్లగా ఒరుగును, లేక నడుమ విరుగును. గడ్డకట్టు చలినుండి వాతావరణము అకస్మాత్తుగా వెచ్చబడిన దినమునను, తడిమంచు విస్తారముగా పడిన మర్నాడును, గాలి తిరిగి లేచిన వేళను అడవిలోనికి పోకుండుటయే బుద్ధిమంతుని లక్షణము. స్వీడన్ వాతావరణ సంస్థవారు పసుపుపచ్చ, నారింజ, ఎఱుపు రంగుల వంతున హెచ్చరికలను ప్రకటింతురు. ఏ రంగు హెచ్చరిక యున్నను ఆ దినపు విహారమును మానుకొనవలెను. నడక రేపటికి వాయిదా పడినంత మాత్రమున పోయినదేమియు లేదు.

బయలుదేరుటకు పూర్వము కాలమును లెక్కించుట రెండవ జాగ్రత్త. మన తెలుగునాట నడి శీతకాలమందైనను పగలు ఇంచుమించు పదకొండు గంటలుండును. స్మోలాండ్‌లోని వెక్షో పట్టణమున డిసెంబరు చివరివారములలో పగలు ఏడు గంటలకు మించదు. మధ్యాహ్నము మూడున్నర ప్రాంతముననే సూర్యుడస్తమించును. 1892లో స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ నడకకు ఒక లెక్క చెప్పెను. దాని ప్రకారము సమతలముపై గంటకు మూడు మైళ్లు, అనగా సుమారు 5 కిలోమీటర్లు నడువవచ్చును. ఈ లెక్క మంచి బాటకు. పిక్కలోతు మంచులో, అడుగడుగునకు కొమ్మలను తప్పించుకొనుచు పోవునప్పుడు గంటకు 2 కిలోమీటర్లు నడచినను గొప్పయే. 4 కిలోమీటర్ల దూరము పోయి రావలెనన్నచో, వేసవిలో రెండు గంటలలోపు ముగియు నడకకు ఇప్పుడు నాలుగు గంటలు పట్టును. ఉదయము 11 గంటలకు బయలుదేరినవాడు తిరిగి వచ్చునప్పటికి 3 గంటలగును. ఒక్క అరగంట ఆలస్యమైనను చీకటి పడును. కావున మిగిలియున్న వెలుతురులో మూడవవంతు గడచినంతనే, ఎచ్చట నున్నను వెనుదిరుగవలెనని ముందుగనే నిశ్చయించుకొనవలెను. ఆ గడియను ఇంటిలోనే నిర్ణయించుకొనవలెను గాని, అడవి అందమును చూచుచు నిర్ణయింపరాదు. పోవు బాటను, తిరిగివచ్చు వేళను ఇంటివారికో, పొరుగువారికో తప్పక చెప్పిపోవలెను.

దుస్తుల విషయమున మన అలవాటులు కొన్ని అచ్చట పనికిరావు. మనకు ప్రియమైన నూలుబట్ట చెమటను పీల్చి తడిసి, ఆరక, శరీరపు వేడిని హరించును. ఒంటిని తాకు వస్త్రము ఉన్నిదిగాని, తడిని నిలుపని కృత్రిమపు నారతో నేసినదిగాని కావలెను. దానిపై వేడిని పట్టియుంచు ఒక పొర, దానిపై గాలిని ఆపు ఒక పొర ధరింపవలెను. ఒక్క లావుపాటి కోటుకంటె మూడు పలుచని పొరలు మేలు. చెమట పట్టకముందే ఒకటి విప్పవచ్చును, ఆగినప్పుడు తిరిగి వేసికొనవచ్చును. గాలియొక్క ప్రభావమును తక్కువగా తలపరాదు. ఉష్ణమానము సున్నకు దిగువ 10 డిగ్రీలు ఉన్నప్పుడు సెకనుకు 10 మీటర్ల గాలి వీచినచో, బయటనున్న చర్మమునకు అది సున్నకు దిగువ 20 డిగ్రీల చలియై తోచును. తలకు, చెవులకు, చేతులకు కప్పు తప్పనిసరి. సంచిలో అదనముగా ఒక జత మేజోళ్లు, చేతితొడుగులు, ఫ్లాస్కులో వేడిపానీయము, తినుటకు కొంత పదార్థము, టార్చిలైటు, ఈల ఉండవలెను. చలికి ఫోనుయొక్క బ్యాటరీ త్వరగా నీరసించును. దానిని పైకోటు జేబులో గాక, ఒంటికి దగ్గరగా లోపలి జేబులో ఉంచవలెను.

ఇక బాటపై నడక. అడవిబాటకు ఇరువైపుల నీరు పోవు కాలువలుండును. మంచు కురిసినప్పుడు బాటయు కాలువయు ఒక్కటిగా కనబడును. కావున బాట నడిమిభాగమునే అనుసరింపవలెను. చేతికఱ్ఱ ఉన్నచో ముందడుగు నేలను దానితో పొడిచి చూడవచ్చును. బాటప్రక్కన పేర్చిన దుంగల మేటిపై కూర్చుండుటగాని, పిల్లలను ఎక్కనిచ్చుటగాని కూడదు. ఒక్క దుంగ కదలినను మేటియంతయు దొర్లును. చెట్లను కోయు యంత్రము పనిచేయుచున్నచో దానికి 90 మీటర్ల దూరములోనికి పోరాదు. తెగిన రంపపు గొలుసు తునక తుపాకిగుండువలె దూసుకొని వచ్చుట కలదు. బాటకు అడ్డముగా రంగునాడా కట్టి, లేక పలక నిలిపి రాకపోకలు నిషేధించియున్నచో, దూరము ఎంత తక్కువయైనను దానిని దాటరాదు.

అడ్డముగా పడిన చెట్టు ఎదురైనచో ఏమి చేయవలెను? మ్రాను సన్ననిదై, మొత్తము నేలపై ఆనియుండి, వంపుగాని బిగువుగాని లేనిచో, దానిని దాటి పోవచ్చును. నేలకు ఎత్తుగా వ్రేలాడుచున్న మ్రానుక్రిందుగా దూరిపోవుట, వంగియున్న మ్రానుపైకెక్కుట, లేచిన వేళ్లపళ్లెము వెనుకనుండి చుట్టివచ్చుట, ఈ మూడును చేయదగినవి కావు. బాట విడిచి అడవిలోనుండి చుట్టిపోవుదమనుకొనుటయు చిక్కులకు దారితీయును. అచ్చట కూలినవి ఇంకను ఎక్కువగా ఉండును. ఒకదానిపై ఒకటిగా చెట్లు పడియున్న చోటు కనబడినచో అదియే ఆనాటి గమ్యస్థానమని తలచి వెనుదిరుగవలెను. వెనుదిరుగుట ఓటమి కాదు. వచ్చినప్పటి అడుగుజాడలు మంచుపై ఇంకను నిలిచియుండగా తిరుగుట మఱింత తేలిక.

అన్నిటికంటె క్రూరమైనది తెగిన విద్యుత్తీగ. అది మంచుక్రింద కనబడకుండ పడియుండవచ్చును, కూలిన చెట్టుకు తగులుకొనియు ఉండవచ్చును. ఊరిలో దీపములు వెలుగుట లేదు గనుక తీగలో విద్యుత్తు లేదనుకొనుట పొరపాటు. మరమ్మతు చేయువారు ఏ క్షణముననైనను దానిని తిరిగి ప్రసరింపజేయవచ్చును. తీగ కనబడినచో కనీసము 20 మీటర్లు దూరముగా ఉండవలెను. ఎఱుగక సమీపించినచో పెద్ద అంగలు వేయరాదు. రెండు పాదముల నడుమ నేలయందలి విద్యుత్ పీడనపు భేదమే మనుష్యుని చంపగలదు. పాదములను జోడించి, నేలనుండి ఎత్తక, కొలదికొలదిగా జరుపుచు వెనుకకు రావలెను. పిదప 112 సంఖ్యకు ఫోనుచేసి తెలుపవలెను. ఐరోపా సమాఖ్య దేశములన్నిట ఆపద వేళ పిలువవలసిన సంఖ్య అదియే.

తోడివారిని గమనించుచుండుట నడకలో ప్రధానధర్మము. చలి సోకినవాడు తన స్థితిని తాను గుర్తింపలేడు. ముక్కుపైన, చెక్కిలిపైన, చెవి అంచున తెల్లని మచ్చ కనబడినచో అది చర్మము గడ్డకట్టుటకు సూచన. దానిని మంచుతో రుద్దవలెనను పాత నమ్మకము హానికరము. వెచ్చని అరచేతితో కప్పి, రుద్దక, మెల్లగా వెచ్చజేయవలెను. శరీరపు లోపలి ఉష్ణము 35 డిగ్రీలకు తగ్గినచో ప్రాణాపాయము మొదలగును. మొదట వణకు, తరువాత మాట తడబాటు, అడుగు తడబాటు, ఏమియు పట్టనట్లుండుట కలుగును. వణకుచున్నవాడు వెచ్చబడకుండగనే వణకు మానినచో, నయమైనదని సంతసింపరాదు. అది శరీరము అలసిపోయిన గుర్తు. తడిబట్టలు మార్చి, గాలి తగలని చోట కూర్చుండబెట్టి, క్రింద కొమ్మలో సంచియో పఱచి, స్పృహ ఉన్నచో తీయని వేడిపానీయము ఇచ్చి, సహాయము పిలువవలెను. మద్యము వేడి పుట్టించునని కొందరి నమ్మకము. అది చర్మపు రక్తనాళములను విప్పార్చి వేడి కలిగినట్లు భ్రమ గొలిపి, నిజమునకు లోపలి వేడిని బయటికి పంపివేయును.

దారి తప్పినచో తిరుగాడుట మానవలెను. తన అడుగుజాడలు కనబడుచున్నచో వానివెంటనే తిరిగి రావలెను. కనబడనిచో, పైన విరిగిన కొమ్మలు లేని ఒకచోట నిలిచి, అదనపు దుస్తులు ధరించి, ఈల ఊదుచుండవలెను. కదలక యున్నవానిని వెదకుట సులభము. తిరుగుచున్నవాడు వెదకువారికి దూరమగుచునే యుండును. ఈ ఒక్క మాట పిల్లలకు ముందుగా నేర్పుట అత్యవసరము.

రేడియో శ్రోతలకు ప్రీతికరమగు విషయమొకటి కలదు. గుడ్రున్ నాడు 7 లక్షలకు పైగా విద్యుత్ వినియోగదారులకు సరఫరా నిలిచిపోయినది. పల్లెలలో వేలకొలది యిండ్లు ఇరువది దినములకు పైగా చీకటిలోనే గడిపినవి. టెలిఫోనులు మూగవోయినవి. అట్టి వేళ ఏ బాట మూయబడినదో, సహాయము ఎచ్చట లభించునో ఆ యిండ్లకు తెలిపినది స్థానిక రేడియో. దానిని వినిపించినది బ్యాటరీతో నడచు చిన్న రేడియోపెట్టె. ఆ అనుభవము ఫలముగా అడవులలోని తీగలను భూమిలో పాతుట ముమ్మరమైనది. 2011 నుండి విద్యుత్ సరఫరా ఇరువదినాలుగు గంటలకు మించి ఆగరాదని చట్టము విధించినది. అయినను బ్యాటరీ రేడియో ఒకటి ఇంటనుంచుకొనుడని అచ్చటి ప్రభుత్వము నేటికిని పౌరులకు చెప్పుచునేయున్నది. మన కోస్తా జిల్లాల యిండ్లకును ఆ మాట వర్తించును.

కూలిన అడవి శాశ్వతముగా కూలియుండదు. 1999 డిసెంబరు 26న లోథార్ అను పెనుగాలి జర్మనీలోని బ్లాక్ ఫారెస్టును ధ్వంసము చేసినది. అందులో 10 హెక్టారుల భాగమును అటవీశాఖవారు తొలగింపక, నాటక, ప్రకృతికే విడిచిపెట్టి, కూలిన మ్రానుల నడుమగా మెట్లతో, వంతెనలతో ఒక కాలిబాటను నిర్మించిరి. పడియున్న మ్రానుల నీడన భూర్జములు, స్ప్రూసు మొక్కలు తలలెత్తి నేడు మనుష్యుని మించి ఎదిగినవి. ధ్వంసమైన అడవి ఎట్లు కోలుకొనునో చూడగోరువారు అచ్చటికి పోవుదురు. కాపాడు ఏర్పాటున్న బాటపైననే నడచి చూచి వత్తురు.

అడవికి వందల యేండ్ల తాలిమి కలదు. మనుష్యునకు ఒక్క మధ్యాహ్నపు తాలిమి చాలును. గాలి తగ్గువరకు ఆగుట, వెలుతురు లెక్కచూచుట, తలయెత్తి చూచుట, అడ్డము వచ్చినచోట వెనుదిరుగుట ఈ నాలుగును పాటించువాడు మంచు అడవి సౌందర్యమును కన్నులార అనుభవించి, చీకటి పడకముందే ఇల్లు చేరును. దూరదేశమందున్న బిడ్డలతో ఈ వారము మాటలాడునప్పుడు, భోజనము చేసితివా అని అడిగిన తరువాత, ఈ నాలుగు మాటలను కూడ చెప్పుట మరువకుడు.